42 సెకన్ల కూత: కలివి కోడి ఉందా లేదా అన్న ఒక ఫైలు

కొన్నేళ్ళ కిందట ఒక ఫిబ్రవరి రాత్రి నా ఫోనుకి 42 సెకన్ల ఆడియో వచ్చింది. పంపినతను పక్షుల మీద ఇష్టంతో సెలవు దొరికితే అడవుల వెంట తిరిగే కుర్రాడు. కింద ఒకటే ప్రశ్న: "సార్, ఇది కలివి కోడేనా?"

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. కీచురాళ్ళ రొద వెనక రెండు స్వరాల కూత. దాదాపు సెకనుకి ఒకసారి, మొత్తం తొమ్మిదిసార్లు. నా చేతులు చల్లబడ్డాయి. అడవిలో రికార్డు చేసిన శబ్దాలు విని, వాటి బొమ్మలు గీసి, ఏ జీవి ఎక్కడ ఉందో చెప్పడం నా పని. కలివి కోడి కూత నాకు పాత రికార్డింగుల్లోనే తెలుసు. చెవులారా ఎన్నడూ వినలేదు. అప్పటికి దశాబ్దానికి పైగా ఎవరి దగ్గరా నిర్ధారణ అయిన రికార్డు లేదు.

ఆ ఆడియోతో మొదలైన పరిశీలన ఎలా నడిచిందో, ఏ సాక్ష్యం నిలిచిందో, ఏది రాలిపోయిందో ఇక్కడ రాస్తున్నాను. చోటు లంకమల కొండల పాదాల దగ్గర అన్నంత వరకే చెబుతాను. ఊరు, మండలం కావాలనే రాయడం లేదు. పక్షి ఉన్నా లేకపోయినా, పేరు బయటికి వస్తే ఆ పొదల్లోకి వారం తిరిగేసరికి కెమెరాలూ స్పీకర్లూ వచ్చేస్తాయి.

ఒకసారి పోయిందనుకున్న పక్షి

కలివి కోడిని ఇంగ్లీషు పుస్తకాలు జెర్డాన్స్ కోర్సర్ అంటాయి. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డాన్ సేకరించిన నమూనా ఆధారంగా 1848లో దాన్ని శాస్త్ర ప్రపంచానికి పరిచయం చేశారు. పెన్నా లోయ, గోదావరి లోయ ప్రాంతాల నుంచి కొద్దిపాటి రికార్డులు వచ్చాయి. 1900లో అనంతపురం వైపు కనిపించాక ఇక కబురు లేదు. 1930ల్లో తూర్పు కనుమల్లో జరిగిన పెద్ద పక్షి సర్వేలోనూ దొరకలేదు. అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు.

1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో ఒక పక్షిని పట్టుకున్నాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున దాని కోసం గాలిస్తున్న భరత్ భూషణ్ ఆ పక్షి కలివి కోడేనని తేల్చారు. 86 ఏళ్ళ మౌనం ఒక్క రాత్రితో తెగిపోయింది. రెండేళ్ళకి తపాలా శాఖ దాని బొమ్మతో స్టాంపు కూడా వేసింది.

అన్నేళ్ళు ఎందుకు కనబడలేదన్నదే నా పనికి ఆయువుపట్టు. పక్షి అరుదైనది, నిజమే. కానీ వెతికినవాళ్ళు చాలావరకు పగలు వెతికారు. ఇది రాత్రి తిరిగే పక్షి. పగలు పొదల నీడలో కదలకుండా ఉంటుంది. పైగా ఎగరడం కన్నా నడవడం, పరిగెత్తడమే దానికి ఇష్టం. తప్పు వేళలో వంద రోజులు వెతికినా, ఆ వంద రోజులు సాక్ష్యంలో జమ కావు.

చిన్న పక్క మాట. స్కాట్లాండులోని అబెర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఒక గుడ్డు చాలాకాలం పట్టించుకునేవాళ్ళు లేక పడి ఉంది. అది 1917లో కోలార్ ప్రాంతంలో సేకరించినది. 2013లో దాని డీఎన్ఏని పాత నమూనాతో పోల్చి కలివి కోడి గుడ్డేనని నిర్ధారించారు. 1900తో చరిత్ర ఆగిందని అందరూ రాసుకున్న పక్షి, ఆ తర్వాత కూడా గుడ్లు పెడుతూనే ఉందన్నమాట. "చివరిసారి కనిపించిన సంవత్సరం" అని ఎక్కడ చదివినా నాకు ఆ గుడ్డు గుర్తొస్తుంది. ఆ సంవత్సరం మనం చివరిసారి చూసినది, పక్షి చివరిసారి బతికినది కాదు.

ముందే గీసుకున్న గీత

ఫైలు తెరిచిన రోజు నేను చేసిన మొదటి పని, ఆడియో మళ్ళీ వినకుండా పక్కన పెట్టడం. ఏది దొరికితే "ఉంది" అని రాస్తానో ముందే కాగితం మీద రాసుకున్నాను. సాక్ష్యం చేతికొచ్చాక గీత గీస్తే, ఆ గీత మన ఆశ వైపు జరుగుతుంది.

నేను రాసుకున్నవి ఇవి. రొమ్ము మీద రెండు గోధుమ రంగు పట్టీలూ, కంటి మీద వెడల్పాటి తెల్ల గీతా స్పష్టంగా కనిపించే ఫొటో. లేదా దూరదూరంగా పెట్టిన రెండు రికార్డర్లలో ఒకే సమయంలో పడిన కూత, ఆ వేళకి చుట్టుపక్కల మనుషులెవరూ లేరన్న ఆధారంతో. లేదా డీఎన్ఏ పరీక్షకి పనికొచ్చే ఈక. ఈ మూడింటిలో ఒక్కటి దొరికినా చాలు. ఒక్కటీ లేకపోతే, మిగతావి ఎన్ని పోగైనా "నిర్ధారణ" అన్న మాట వాడకూడదు.

ఈ చివరి షరతు చాలామందికి నచ్చదు. పది బలహీనమైన సాక్ష్యాలు కలిస్తే ఒక బలమైన సాక్ష్యం అవుతుంది కదా అంటారు. పదీ వేర్వేరు చోట్ల నుంచి, ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండా వస్తే అది నిజం. కలివి కోడి కోసం వెతుకుతూ వెళ్ళిన మనిషికే ఆ పదీ దొరికితే, అవి పది కాదు. ఒకే ఆశ పదిసార్లు కనబడినట్టు.

అమెరికాలో దంతపు ముక్కు వడ్రంగిపిట్ట విషయంలో దీన్ని ప్రపంచమంతా చూసింది. 1944 తర్వాత అందరూ ఒప్పుకున్న రికార్డు లేదు. 2004లో ఆర్కన్సాలో నాలుగు సెకన్ల మసక వీడియో తీశారు. 2005లో సైన్స్ పత్రిక, పక్షి బతికే ఉందన్న వ్యాసం వేసింది. ఏడాది తిరక్కుండానే, 2006లో, అదే పత్రికలో పక్షుల పుస్తకాల రచయిత డేవిడ్ సిబ్లీ తదితరులు ఆ వీడియోలోది మామూలుగా కనబడే పైలియేటెడ్ వడ్రంగిపిట్టే కావచ్చని వాదించారు. గొడవంతా రెక్కలో తెలుపు ముందంచునా వెనకంచునా అన్న దాని మీదే. మసక ఫ్రేముల్లో చూసేవాళ్ళకి వాళ్ళ వాళ్ళ పక్షి కనిపించింది. ఆ తర్వాత గాలింపులు ఎన్నో జరిగాయి, అందరూ ఒప్పుకునే ఫొటో రాలేదు. 2021లో అమెరికా ప్రభుత్వం అంతరించిందని ప్రకటించబోయి, 2023లో తుది జాబితా నుంచి ఆ పేరుని పక్కన పెట్టింది. అక్కడ పనిచేసినవాళ్ళు అబద్ధమాడారని నేను అనుకోను. అంత ప్రేమతో చూసే కన్ను తనని తాను అదుపులో పెట్టుకోవడం ఎంత కష్టమో నా చేతులు చల్లబడ్డ రాత్రే నాకు తెలిసింది.

ఆడియో

కూత సూర్యాస్తమయం తర్వాత 49 నిమిషాలకి రికార్డయింది. 2000ల మొదట్లో పి. జగన్నాథన్ తదితర పరిశోధకులు ఈ పక్షి కూతని మొదటిసారి రికార్డు చేసి, ఎప్పుడు కూస్తుందో రాశారు. పొద్దుగూకాక ముప్పావుగంట దాటాక మొదలై, కొద్ది నిమిషాల్లో ఆగిపోతుంది. మన ఆడియో సరిగ్గా ఆ వేళకే పడింది. కుర్రాడు దీన్నే బలమైన సాక్ష్యంగా చెప్పాడు. నాకూ మొదట అలాగే అనిపించింది.

స్పెక్ట్రోగ్రామ్ తీశాను. శబ్దాన్ని కాలం, తీవ్రత, పౌనఃపున్యాల బొమ్మగా మార్చడమే స్పెక్ట్రోగ్రామ్. స్వరాల ఆకారం కలివి కోడిదే. అందులో అనుమానం లేదు. తీతువు కాదు, రాత్రిళ్ళు సాగదీసి ఈల వేసే స్టోన్ కర్లూ కాదు, నైట్‌జార్ అసలే కాదు.

అయితే మరీ బాగా కుదిరింది. అక్కడే మనసులో ఏదో గుచ్చుకుంది.

ప్రతి కూతకీ తర్వాతి కూతకీ మధ్య ఎడాన్ని కొలిచాను. బతికున్న పక్షి గడియారం కాదు. ఒక ఎడం కాస్త ఎక్కువ, ఒకటి కాస్త తక్కువ, మధ్యలో ఒక స్వరం మింగేస్తుంది. ఆ హెచ్చుతగ్గుల వరస వేలిముద్ర లాంటిది. మన ఆడియోలోని ఎనిమిది ఎడాలనీ, పక్షి పరిశీలకుల మధ్య చాలాకాలంగా తిరుగుతున్న ఒక పాత రికార్డింగులోని ఎనిమిది ఎడాలతో పోల్చాను. ఎనిమిదీ కలిశాయి. ఐదో కూతకీ ఆరో కూతకీ మధ్య వచ్చే చిన్న తడబాటుతో సహా కలిశాయి. కింది పౌనఃపున్యాలు చిన్న స్పీకర్లో తెగిపోయినట్టు తెగిపోయి ఉన్నాయి.

ఎవరో ఆ రికార్డింగుని అడవిలో మోగించారు. కుర్రాడు దూరం నుంచి దాన్ని రికార్డు చేశాడు.

అతన్ని అనుమానించలేదు. మోసం చేయాలనుకునేవాడు అసలు ఫైలునే కత్తిరించి పంపుతాడు. ఇందులో కీచురాళ్ళున్నాయి, దూరపు లారీ హారన్ ఉంది, అతని ఊపిరి ఉంది. నాలుగు రోజులు వాకబు చేస్తే తేలింది. అదే సాయంత్రం ఇంకో బృందం కొంత దూరంలో స్పీకరు పెట్టి కూత వినిపించింది. దేన్నీ దాచాలని కాదు, పక్షి బదులిస్తుందేమోనని. అడగ్గానే ఒప్పుకున్నారు, బాధపడ్డారు కూడా.

వేళ గురించి నాకు అప్పుడే అర్థమైంది. కూత సరైన వేళకి పడిందంటే, అది పక్షి అయినా కావచ్చు, ఆ వేళ గురించి చదువుకున్న మనిషి అయినా కావచ్చు. ఇద్దరూ అదే సమయానికి వస్తారు. రెండు వివరణలకీ సమానంగా సరిపోయే వివరం ఏ వైపుకీ తూగదు. ఆ తర్వాత ప్రతి సాక్ష్యం ముందూ నేను మొదట వేసుకునే ప్రశ్న ఇదే: కలివి కోడి లేకపోయినా ఇది ఇలాగే ఉండగలదా?

కుర్రాడికి ఫోన్లో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే నేను విన్నది నిజమైన కూతే కదా సార్, పాతదైనా" అన్నాడు. నిజమే.

పాదముద్ర

కుర్రాడు పంపిన ఫొటో ఇంకొకటి ఉంది. కుంట గట్టున మూడు వేళ్ళ ముద్ర, పక్కన రూపాయి బిళ్ళ. కోర్సర్లకి వెనక వేలు ఉండదు, ముద్రలోనూ లేదు. కానీ తీతువుకి ఉండే వెనక వేలు చాలా చిన్నది, నేలకి ఆనకపోవచ్చు. ఫొటో ఏటవాలుగా తీసినది, బిళ్ళా ముద్రా ఒకే మట్టంలో లేవు. తడిమట్టి ఆరేటప్పుడు ముద్ర సాగుతుంది. గతంలో పరిశోధకులు సన్నటి మట్టిని పట్టీలుగా పరిచి, రాత్రి పక్షి దాటితే ముద్ర పడేలా చేసి, ఆ ముద్రల్ని ఇతర పక్షులవాటితో పోల్చి గుర్తించారు. ఆ పద్ధతిలో మట్టి మన చేతిలో ఉంటుంది, కొలత మన చేతిలో ఉంటుంది. ఇక్కడ రెండూ లేవు. తూకం సున్నా అని రాసి పక్కన పెట్టాను.

గొర్రెల కాపరి మాట

శబ్దాల మనిషిగా నేను నోటి మాటకి తక్కువ విలువ ఇస్తానని అనుకునేవాణ్ణి. ఈ ఫైల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే.

ఆ చుట్టుపక్కల తిరిగే కాపరుల్లో ఇద్దరు "ఆ పిట్టని చూసినాం" అన్నారు. మొదటాయన దగ్గర నేను తప్పు చేశాను. కూర్చున్న ఐదు నిమిషాలకే పుస్తకం తెరిచి బొమ్మ చూపించి, "పెద్దాయనా, ఇదేనా?" అని అడిగాను. ఆయన "ఇదే సార్, ఇదే" అన్నాడు. ఆ "ఇదే"ని ఇక ఏమీ చేయలేం. ఇంత దూరం నుంచి వచ్చినవాడు ఆశగా బొమ్మ చూపిస్తే ఎవరైనా అవుననే అంటారు. పైగా 1986 నుంచి ఆ ప్రాంతంలో ఆ పక్షి బొమ్మ పోస్టర్ల మీద తిరుగుతోంది. బొమ్మని గుర్తుపట్టడం పక్షిని చూసినట్టు కాదు. ఆయన సాక్ష్యాన్ని నా చేతులతో నేనే పాడుచేశాను. ఫైల్లో అలాగే రాశాను.

రెండో ఆయన మొదటాయన బామ్మర్ది, వేరే మందతో వేరే వైపు తిరుగుతాడు. ఆయన దగ్గర పుస్తకం సంచిలోంచి తీయలేదు. కలివి కోడి పేరు కూడా ఎత్తలేదు. "రాత్రి మంద కాడ పడుకున్నప్పుడు ఏమేం పిట్టలు అరుస్తాయి?" అని అడిగి ఊరుకున్నాను.

గంటకి పైగా చెప్పాడు. తీతువుని అనుకరించాడు, పైడికంటిని అనుకరించాడు, నేల మీద కూర్చుని బంతి ఎగిరినట్టు అరిచే నైట్‌జార్‌ని అనుకరించాడు. అన్నీ చక్కగా పలికాడు. తర్వాత, "ఇంగోటి ఉండేది సార్. కలివి పొదల్లో తిరిగేది. అరిస్తే ఇట్లుంటాది" అని రెండు స్వరాలు వేశాడు. ఒక ఎడం ఇచ్చి మళ్ళీ వేశాడు. నా రికార్డరు నడుస్తోంది. ఆయన అప్పటిదాకా ఏ రికార్డింగూ వినలేదు. ఎవరూ వినిపించలేదని రెండు రకాలుగా అడిగి రూఢి చేసుకున్నాను.

"ఎగరదు సార్. ఉరుకుతాది, నిలబడతాది. మళ్ళా ఉరుకుతాది. ఒక్కసారే లేచింది, అప్పుడు నల్ల రెక్కలో తెల్లగా మెరిసింది."

పోస్టర్లలో పక్షి నిలబడి ఉంటుంది. రెక్కలోని తెలుపు వాటిలో కనిపించదు. కాబట్టి ఆ మాట పోస్టరు నుంచి వచ్చింది కాదు. తీతువు రెక్కలోనూ తెలుపు ఉంటుంది కదా అని నా ప్రశ్న నేనే వేసుకున్నాను. కానీ తీతువు బయలు మీద, నీళ్ళ పక్కన ఉండే పక్షి. పైగా తీతువుని ఆయన విడిగా, తప్పు లేకుండా చెప్పాడు.

చివర్లో పన్నెండు బొమ్మలు పరిచాను. వాటిలో రెండు ఆ జిల్లాలో ఎన్నడూ ఉండని పక్షులవి. ఆ రెంటినీ "ఈడ లేవు" అని పక్కన పెట్టాడు. కలివి కోడికి దగ్గర బంధువైన ఇండియన్ కోర్సర్ బొమ్మ చూసి, "ఇది పగటి పిట్ట. దున్నిన చేలల్లో ఉంటాది" అన్నాడు. చాలామంది పొరబడేది అక్కడే. ఆయన పొరబడలేదు.

ఎప్పుడు చూశావని అడిగితే సంవత్సరం చెప్పలేదు. కూతురు కానుపుకి వచ్చిన ఏడు అన్నాడు. ఆ మనవడి వయసు లెక్కేస్తే, చివరి నిర్ధారిత రికార్డు తర్వాత రెండు మూడేళ్ళకి పడింది. ఆయన చూపించిన చోటికి వెళ్ళాం. మరీ దట్టంగా కాకుండా, మరీ బోడిగా కాకుండా, పొదల మధ్య మేకలు నడిచేంత సందుతో ఉంది. మనిషి ఎత్తు దాటిన పొదలు హెక్టారుకి 300 నుంచి 700 వరకు, చిన్న పొదలు 1,000 లోపు ఉన్నచోట ఈ పక్షి ఉండే అవకాశం ఎక్కువని పాత పరిశోధన తేల్చింది. మేం లెక్కపెడితే ఆ హద్దుల్లోనే వచ్చింది. ఆయనకి హెక్టారుతో పని లేదు. పిట్ట ఎక్కడుండేదో చూపించాడంతే.

ఈ సాక్ష్యానికి నేను మంచి తూకమే ఇచ్చాను. కానీ అది ఆ ఏటి గురించిన సాక్ష్యం. ఇప్పుడు ఉందా అన్నదానికి అది జవాబు చెప్పదు.

పది రాత్రులు

మేం ఆ చోట పది రాత్రులు గడిపాం. కూత వినిపించి రప్పించే పద్ధతి వాడలేదు. జత లేక ఒంటరిగా మిగిలిన పక్షి ఉంటే, లేని తోడు కోసం దాన్ని పరిగెత్తించడం నాకు ఇష్టం లేదు. దానికి తోడు, ఒక ప్లేబ్యాక్ వల్ల ఎంత గందరగోళం జరిగిందో అప్పుడే చూశాం. రికార్డర్లు, కెమెరా ట్రాపులు, మట్టి పట్టీలు పెట్టి, పొద్దుగూకాక ఒక గంట మౌనంగా కూర్చున్నాం. పట్టీల మీద కుందేళ్ళు, కౌజులు, ఒక ముంగిస, బోలెడు మేకలు నడిచాయి. కెమెరాల్లో స్టోన్ కర్లూ రెండుసార్లు పడింది.

ఏడో రాత్రి, సూర్యాస్తమయం తర్వాత 52 నిమిషాలకి, ఒక రికార్డరులో చాలా దూరంగా రెండు స్వరాల కూత మూడుసార్లు పడింది. మేం కూర్చున్న చోటికి వినపడలేదు. ఇంకో రికార్డరు గట్టుకి అవతల ఉంది, దానికి అందలేదు. పై పౌనఃపున్యాలు దారిలోనే కరిగిపోయాయి. ఎడాలు ఏ పాత రికార్డింగుతోనూ కలవలేదు. కానీ మూడు కూతలంటే కొలవడానికి రెండు ఎడాలే. రెండు ఎడాలతో వేలిముద్ర తీయలేం.

నా చెవులకి అది కలివి కోడే అనిపించింది. అందుకే నా అభిప్రాయాన్ని లెక్కలోంచి తీసేశాను.

దానికి బదులు ఒక పరీక్ష పెట్టాను. కలివి కోడి ఎన్నడూ లేని దూరపు తుప్పల్లో పాత రికార్డింగులు మోగించి, దూరం నుంచి మళ్ళీ రికార్డు చేసి, అంతే మసకగా ఎనిమిది ముక్కలు తయారుచేశాను. తీతువు, స్టోన్ కర్లూ, కౌజు, ఇంకా ఇతర పక్షుల మసక ముక్కలు పదిహేను తీసుకున్నాను. మా ముక్కని కలిపితే 24. ఈ ఫైలు సంగతి తెలియని ఇద్దరు అనుభవజ్ఞులకి వరస మార్చి పంపాను. మొదటి వ్యక్తి అసలైన ఎనిమిదిలో ఆరింటిని కలివి కోడి అన్నారు. ఇతర పక్షుల పదిహేనులో మూడింటిని కూడా పొరపాటున కలివి కోడి అన్నారు. మా ముక్కనీ కలివి కోడే అన్నారు. రెండో వ్యక్తి మా ముక్క దగ్గర "చెప్పలేను" అని రాశారు.

మొదటి వ్యక్తి "అవును"కి విలువ ఎంత? నిజమైనప్పుడు నూటికి 75 సార్లు అవునంటారు, కానప్పుడు నూటికి 20 సార్లు అవునంటారు. అంటే ఆ "అవును" ఉందనడానికీ లేదనడానికీ మధ్య నిష్పత్తిని నాలుగింతలకి కాస్త తక్కువగా పెంచుతుంది, అంతకు మించి కాదు. ఆ చోట కలివి కోడి మిగిలి ఉండే అవకాశం ముందు ఇరవైలో ఒకటి అనుకుంటే, ఈ సాక్ష్యంతో అది దాదాపు ఆరింట ఒకటి అవుతుంది. ఆ ఇరవైలో ఒకటి అన్న మొదటి అంకె నా అంచనా. దాన్ని దాచకుండా నివేదికలో రాశాను. వేరే అంకెతో మొదలుపెట్టేవాళ్ళు వేరే చోట తేలతారు, తేలనివ్వండి.

మిగతా తొమ్మిది రాత్రుల నిశ్శబ్దాన్ని ఎలా చూడాలన్నది ఇంకా చిక్కు ప్రశ్న. పక్షి ఉన్నచోట ఒక రాత్రి కూర్చుంటే వినపడే అవకాశం నూటికి 30 అనుకుంటే, తొమ్మిది రాత్రులూ ఏమీ వినపడకుండా పోయే అవకాశం నూటికి నాలుగు మాత్రమే. అలాంటి నిశ్శబ్దం "లేదు" అనడానికి గట్టి ఆధారమే. అదే అవకాశం నూటికి 10 అయితే, తొమ్మిది రాత్రులు వట్టిగా పోవడం నూటికి 39 సార్లు జరుగుతుంది. అప్పుడు ఆ నిశ్శబ్దం పెద్దగా ఏమీ చెప్పదు. ఈ రెంటిలో ఏది నిజం? పక్షులు పక్కపక్కన ఉన్న రోజుల్లో ఒకటి కూస్తే ఇంకోటి బదులిచ్చేది. ఒంటరిగా మిగిలినది ఎవరి కోసం కూస్తుంది? పాత రోజుల కూతల లెక్కని ఈ రోజుకి వాడితే మనం "లేదు" వైపు తొందరపడతాం. చాలా సర్వే నివేదికలు ఈ ఒక్క మెట్టూ దాటవేస్తాయి. ఎన్ని రాత్రులు తిరిగారో రాస్తారు, తిరిగితే దొరికే అవకాశం ఎంతో రాయరు.

నివేదికలో ఏం రాశాను

"ప్రస్తుత ఉనికి నిర్ధారణ కాలేదు. లేదనడానికి తగినంత గాలింపు జరగలేదు. చివరి నిర్ధారిత రికార్డు తర్వాత కూడా ఇక్కడ పక్షి ఉండేదన్న మాట నమ్మదగినది."

ఈ మూడు వాక్యాలు చదివి ఒక సమావేశంలో ఒకరు అసహనపడ్డారు. "ఉందా లేదా, ఒక మాట చెప్పండి" అన్నారు. ఆయన కోపం నాకు అర్థమైంది. భూమి చదును చేయాలా వద్దా, కట్టెలు కొట్టనివ్వాలా వద్దా అన్న నిర్ణయాలకి ఒక మాట కావాలి. కానీ తప్పు "ఉంది"కి, తప్పు "లేదు"కి ఖరీదు ఒకటి కాదు. తప్పుగా "ఉంది" అంటే డబ్బూ, మన మాట మీద నమ్మకమూ పోతాయి. ఆ నమ్మకం చిన్న విషయం కాదు, రేపు నిజంగా దొరికినప్పుడు అదే కావాలి. తప్పుగా "లేదు" అంటే కాపలా ఎత్తేస్తారు, పొదలు పోతాయి, ఆ మాట తనంతట తానే నిజమవుతుంది. దీన్ని పక్షి సంరక్షకులు, బతికున్న జూలియట్‌ని చనిపోయిందనుకున్న రోమియో పేరు మీద, రోమియో పొరపాటు అంటారు. ఫిలిప్పీన్స్‌లోని సెబు దీవిలో ఉండే సెబు ఫ్లవర్‌పెక్కర్ అనే చిన్న పిట్టని, అడవే పోయింది కాబట్టి అదీ పోయిందనుకున్నారు. 1992లో మిగిలిన చిన్న అడవి ముక్కలో అది బతికే కనిపించింది.

ఇక్కడే కడపలోనూ ఉదాహరణ ఉంది. 2005లో తెలుగు గంగ కాలువ పనులు ఈ పక్షి ఉన్న పొదల్లోకి వచ్చాయి. ఫలానా చోట ఉందని పాదముద్రలతో, ఫొటోలతో, కూతలతో చూపించగలిగే పరిశోధన అప్పటికే ఉంది కాబట్టి కాలువ దారి మార్చాల్సి వచ్చింది. "ఎవరో చూశారట" అన్న మాటతో కాలువ పక్కకి జరిగేది కాదు. అందుకే సాక్ష్యం విషయంలో నేను పట్టు విడవను. పక్షి మీద ప్రేమ లేక కాదు.

అధికారులకి నేను అడిగింది కొద్దే. ఆ తునకలో మూడేళ్ళ పాటు చదును పనులు ఆపండి. మేకల్ని ఆపకండి, పొదల మధ్య సందులు వాటి వల్లే మిగిలాయి. ప్లేబ్యాక్‌కి అనుమతి ఇవ్వకండి. రికార్డర్లు ఏడాది పొడవునా ఉంచనివ్వండి. మూడు ఒప్పుకున్నారు, చదును పనుల సంగతి రెండేళ్ళకి కుదించారు.

2025 ఆగస్టులో కడప జిల్లాలో కలివి కోడి కూత మళ్ళీ రికార్డు చేశామని ఒక పక్షి పరిశీలకుల బృందం ప్రకటించింది. ఆ వార్త విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే పాత ఫైలు తీశాను. ఏడో రాత్రి ముక్క నిన్న ఎంత మసకగా ఉందో ఈ రోజూ అంతే మసకగా ఉంది. దాని బలం అదే నాలుగింతలు. మారింది మొదటి అంకె. పక్షి జిల్లాలో ఉందంటే, మా చోట ఉండే అవకాశం ఇరవైలో ఒకటి అనుకోవడానికి ఇక కారణం లేదు. నాలుగింట ఒకటి అనుకుంటే, అదే ముక్కతో సగానికి పైగా వస్తుంది. సగానికి పైగా అంటే నిర్ధారణ కాదు. నా కాగితం మీది మూడు షరతుల్లో ఒక్కటీ ఇంకా తీరలేదు.

ఇప్పుడు గట్టుకి ఇటువైపే రెండు రికార్డర్లు పెట్టాం, 150 మీటర్ల ఎడంతో, గడియారాలు కలిపి. ఒకే కూత రెండింటిలోనూ పడితే అది ఏ వైపు నుంచి వచ్చి ఉండొచ్చో అంచనా కట్టొచ్చు. నెలకోసారి బ్యాటరీలు మార్చి మెమరీ కార్డులు పంపేది ఆ కాపరి మనవడు, కానుపు లెక్కకి ఆధారమైన పిల్లాడే. నిన్న వచ్చిన కార్డులో 31 సాయంత్రాలున్నాయి. తొమ్మిది విన్నాను.